చమురు పొంగింది, వేరుశనగ కుంగింది: నైజీరియా అనుభవం
బెనిన్ పేర వచ్చే బియ్యం ఆర్డరు వెనుక ఉన్న అసలు కథ

(మా వాణిజ్య ప్రతినిధి)

కాకినాడ రేవులో ఉప్పుడు బియ్యం ఎక్కించుకునే నౌకల పత్రాలలో తరచు కనిపించే గమ్యస్థానాలలో కొటోనూ ఒకటి. అది పశ్చిమాఫ్రికాలోని బెనిన్ అనే చిన్న దేశపు రేవు. ఆ దేశ జనాభా సుమారు కోటీ 40 లక్షలు. అక్కడ దిగే బియ్యమంతా ఆ దేశంలోనే ఖర్చు కాదని ఎగుమతి వర్తకులకు విదితమే. అందులో పెద్ద భాగం సరిహద్దు దాటి, 22 కోట్లకు పైగా జనాభా గల నైజీరియా చేరుతుంది. అందుచేత బెనిన్ పేర వచ్చే ఆర్డరు నిలిచేదీ నిలవనిదీ కొటోనూలో తేలే విషయం కాదు. నైజీరియా ప్రభుత్వం దిగుమతులపై తీసుకునే నిర్ణయం, ఆ దేశపు నాణెమైన నైరా మారకం రేటు, వాటి వెనుక ముడి చమురు ధర కలిసి దానిని నిర్ణయిస్తాయి.

పశ్చిమాఫ్రికా జీడి పిక్కలు కొనే పలాస ఫ్యాక్టరీదారులకు, నూనెగింజల బేరగాళ్లకు కూడా ఈ దేశపు చరిత్ర పనికివచ్చేదే. ఒకనాడు ప్రపంచానికి వేరుశనగ, పామాయిలు, కోకో అమ్మిన దేశం చమురు దొరికిన ఇరవై ఏళ్లలో తిండి గింజలు కొనుక్కునే స్థితికి వచ్చింది. ఆ తర్వాత చమురుపై ఆధారం తగ్గించుకోవాలని నలభై ఏళ్లకు పైగా యత్నిస్తున్నది. ఈ యత్నంలో ఏది ఫలించింది, ఏది బెడిసింది, దానివల్ల సరుకు పంపిన వారికి ఏ నష్టాలు వచ్చాయి అనే విషయాలు పరిశీలించదగినవి.

కానో గోపురాలు

ఉత్తర నైజీరియాలోని కానో పట్టణానికి 1912 నాటికి రైలు వచ్చింది. అక్కడినుండి లాగోస్ రేవుకు సుమారు 1,100 కిలోమీటర్లు. రైలు వస్తే పత్తి పండుతుందని బ్రిటిష్ వారు ఆశించగా, రైతులు గిట్టుబాటు చూసుకుని వేరుశనగ వేశారు. పంట చేతికి వచ్చాక బస్తాలు రైలు పెట్టెల కోసం ఎదురుచూస్తూ ఆరుబయట మెట్లుమెట్లుగా పేర్చి ఉండేవి. ఒక్కొక్క గుట్టలో సుమారు 15,000 బస్తాలు పట్టేవి. దూరంనుండి చూసిన వారికి అవి ఈజిప్టు పిరమిడ్ల వలె కనిపించడంతో ఆ పేరే స్థిరపడింది. ఈ వ్యాపారంలో అందరికన్నా పెద్ద పేరు అల్హాసన్ దంతాతా అనే కానో వర్తకునిది. 1955లో మరణించే నాటికి ఆయన పశ్చిమాఫ్రికాలో మేటి ధనికులలో ఒకరు.

1960 అక్టోబరు 1న స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశానికి మూడు వైపుల మూడు సరుకులు ఉండేవి. ఉత్తరాన వేరుశనగ, నైరుతిన కోకో, ఆగ్నేయాన పామాయిలు. వేరుశనగ ఎగుమతిలో ఆ దశాబ్దంలో నైజీరియాది అగ్రస్థానం. కోకోలో ఘనా తర్వాతి స్థానం. పామాయిలులో మలేసియా ముందుకు వచ్చేదాకా దానిదే పెద్ద పీట.

చమురు 1956లో నైజర్ డెల్టాలోని ఒలోయిబిరి గ్రామం వద్ద పడింది. 1958లో మొదటి నౌక బయలుదేరింది. 1967 నుండి 1970 వరకు సాగిన అంతర్యుద్ధం పామాయిలు ప్రాంతాన్ని చితకగొట్టింది. 1972, 73 సంవత్సరాలలో ఉత్తరాన కరువు వచ్చింది. 1975లో రోజెట్ అనే తెగులు వేరుశనగ చేలను తుడిచిపెట్టింది. సరిగ్గా ఆ మధ్యకాలంలోనే, 1973–74లో, ముడి చమురు ధర పీపాకు సుమారు 3 డాలర్లనుండి 12 డాలర్ల దరిదాపులకు ఎగిసింది. కరువు వచ్చిన రైతు మళ్లీ నిలదొక్కుకోవడం మామూలు సంగతి. ఈసారి అతడు నిలదొక్కుకోలేదు. కానోలో గోపురాలు లేచి నిలబడలేదు.

మారకం రేటు చేసిన పని

తెగులు పోయాక కూడా పంట ఎగుమతికి ఎందుకు రాలేదన్నది వర్తకులు అడగవలసిన ప్రశ్న. దీనికి సమాధానం మారకం రేటులో ఉన్నది. చమురు డాలర్లు వరదగా రావడంతో నైరా బలపడింది. 1980లో ఒక డాలరుకు సుమారు 55 కోబోలు, అనగా నైరాలో సగానికి కొంచెం పైన, వచ్చేవి. ఉదాహరణకు విదేశీ మార్కెట్లో టన్ను 500 డాలర్లకు అమ్ముడయ్యే సరుకు ఉన్నదనుకుందాం. ఆ రేటున దానికి చేతికి వచ్చేది 275 నైరాలే. అదే సరుకుకు 1987 నాటి రేటున, డాలరుకు 4 నైరాలు లెక్కన, 2,000 నైరాలు వస్తాయి. ఖర్చులు కూడా పెరిగిన మాట నిజమే అయినా ఈ వ్యత్యాసం చిన్నది కాదు.

రెండవ వైపు చూస్తే, బలమైన నైరాతో విదేశీ బియ్యం, గోధుమ చౌకగా దొరికాయి. పట్టణాలలో బ్రెడ్డు అలవాటయింది. గోధుమ దాదాపు పండని దేశంలో గోధుమ రొట్టె నిత్యాహారమయింది. రోడ్లు, భవనాల పనులకు కూలి పెరగడంతో పొలం పనికి మనుషులు దొరకలేదు. ఎగుమతికి పండించే రైతు అమ్మకపు ధరలో నష్టపోయాడు, కూలి ధరలోనూ నష్టపోయాడు. ఇంటి అవసరానికి పండించుకుని ఊరుకున్నాడు.

దీనికి మార్కెటింగ్ బోర్డులు తోడయ్యాయి. 1940లలో ఏర్పడిన ఈ బోర్డులు పంటను గంపగుత్తగా కొని విదేశాలకు అమ్మేవి. ధర పడిపోయినపుడు రైతును ఆదుకోవడానికి, ధర బాగున్నపుడు కొంత నిలవచేయడం వాటి ఉద్దేశం. ఆచరణలో రైతుకు ఇచ్చే ధర ప్రపంచ ధరకన్నా బాగా తక్కువగా ఉండేది. మిగిలినది ప్రభుత్వాల ఖర్చుకు పోయేది. ఆర్థికవేత్త పి.టి. బవర్ 1954లోనే ఈ పద్ధతిని తీవ్రంగా విమర్శించాడు. చమురు రాక ముందు ఈ భారం రైతు ఎలాగో మోశాడు. చమురు వచ్చాక మోయడం మానేశాడు.

సిమెంటు నౌకల వరస

డబ్బు వచ్చినంత వేగంగా దానిని ఖర్చు చేసే ఏర్పాటు ఉండదని 1975లో లాగోస్ రేవు చూపింది. అంతకు ముందు సైనిక ప్రభుత్వం సుమారు 2 కోట్ల టన్నుల సిమెంటుకు ఆర్డర్లు ఇచ్చింది. లాగోస్ రేవు ఏడాదికి దింపుకోగల సిమెంటు అందులో చిన్న భాగం మాత్రమే. వందలాది నౌకలు సముద్రంలో లంగరు వేసి నెలల తరబడి నిలబడ్డాయి. ఒప్పందాలలో డెమరేజీ షరతులు ఉదారంగా ఉండడంతో సరుకు దించడం కన్నా నిలబడి ఉండడమే లాభమని కొందరు పాత నౌకలను కూడా ఆ వరసలోకి తోలారు. ఎంతో సిమెంటు ఓడలోనే గడ్డకట్టింది. ఇతర సరుకు తెచ్చిన నౌకలకు కూడా దారి మూసుకుపోయింది. కొనుగోలుకు డబ్బు ఉండడం వేరు, సరుకు దింపుకోగలగడం వేరు అని ప్రపంచ నౌకావర్తకులకు ఆ ఏడు బాగా తెలిసివచ్చింది.

నిషేధాలు, సడలింపులు

తిండి దిగుమతులు పెరుగుతున్నాయన్న ఆందోళనతో 1976లో "దేశానికి తిండి పెట్టే ఉద్యమం", 1980లో "హరిత విప్లవం" పేరిట కార్యక్రమాలు ప్రారంభించారు. చమురు ధర బాగున్నంత కాలం ఇవి నినాదాల స్థాయి దాటలేదు. 1980ల మొదట్లో ధర తగ్గనారంభించగానే అసలు పరీక్ష వచ్చింది. దిగుమతి బిల్లులు చెల్లించడానికి విదేశీ మారకద్రవ్యం చాలలేదు. బీమా లేకుండా అప్పుపై సరుకు పంపిన విదేశీ వర్తకుల బకాయిలు గుట్టగా పేరుకున్నాయి. 1984నుండి వాటికి నగదుకు బదులు దీర్ఘకాలపు ప్రామిసరీ నోట్లు ఇచ్చారు. ఆరు నెలల గడువున పంపిన సరుకు డబ్బు ఏళ్లకేళ్లు పట్టింది. కొందరు ఆ నోట్లను ముఖవిలువకన్నా బాగా తక్కువకు అమ్ముకుని బయటపడ్డారు.

1985లో బియ్యం దిగుమతి నిషేధించారు. 1987లో గోధుమ నిషేధించారు. 1986 జులైలో జనరల్ బాబంగిడా ప్రభుత్వం నిర్మాణ సర్దుబాటు కార్యక్రమాన్ని చేపట్టింది. మార్కెటింగ్ బోర్డులు రద్దయ్యాయి. సెప్టెంబరులో మారకద్రవ్యం వేలం ద్వారా అమ్మడం మొదలైంది. నైరా విలువ పడిపోయింది. కోకో రైతుకు ఒక్కసారిగా మంచి ధర పలికింది. పాడుబెట్టిన తోటలను మళ్లీ బాగుచేసుకున్నారు. అయితే డాలర్లు సంపాదించే మార్గంగా కోకోను కొనే కొత్త బేరగాళ్లు కూడా రంగంలోకి దిగారు. ప్రపంచ ధరను మించి ఇచ్చి సరిగా ఆరని గింజ సైతం కొన్నారు. సరుకు నాణ్యతకు పూర్వం ఉన్న పేరు దెబ్బతిన్నది. బోర్డు పోయినపుడు ధర విషయంలో రైతు బాగుపడినా, తూకానికి, తేమకు, మేలు రకానికి కాపలా లేకుండాపోయింది.

గోధుమ నిషేధం 1992లో, బియ్యం నిషేధం 1995లో తొలగిపోయాయి. నిషేధం ఉన్నంత కాలం దొంగసరుకు సరిహద్దుల మీదుగా వస్తూనే ఉన్నది. 2013లో బియ్యంపై మొత్తం సుంకం నూటికి 110 చేశారు. తర్వాత తగ్గించారు. 2014 మధ్యలో పీపా 115 డాలర్ల వరకు ఉన్న చమురు 2016 జనవరిలో 30 డాలర్ల లోపునకు పడిపోయింది. ఈ లోగా 2015 జూన్‌లో కేంద్ర బ్యాంకు 41 రకాల సరుకుల దిగుమతికి మారకద్రవ్యం ఇచ్చేది లేదన్నది. వాటిలో బియ్యం, పామాయిలు, సిమెంటు, పళ్లు కుట్టుకునే పుల్లలు కూడా ఉన్నాయి. అదే ఏడాది నవంబరులో వరి రైతులకు మిల్లుల ద్వారా రుణాలిచ్చే పథకం మొదలైంది. 2019 ఆగస్టులో సరిహద్దులే మూసివేశారు. 2020 డిసెంబరులో తెరిచారు. 2023 అక్టోబరులో మారకద్రవ్యం ఆంక్షలు ఎత్తివేశారు. 2024 జులైలో తిండిగింజల ధరలు భరించరానంత పెరగడంతో మొక్కజొన్న, గోధుమ, పొట్టు తీసిన ముడి బియ్యం వంటివాటిని 150 రోజులపాటు సుంకం లేకుండా దిగుమతి చేసుకోనిస్తామని ప్రకటించారు.

ఈ వరసను గమనిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. చమురు ధర పడితే తలుపులు మూస్తారు. పట్టణాలలో తిండి ధర పెరిగితే తెరుస్తారు. మూసినపుడు మిల్లు పెట్టిన వాడు తెరిచినపుడు నష్టపోతాడు. తెరిచినపుడు సరుకు ఎక్కించిన వాడు మూసినపుడు ఇరుక్కుంటాడు. నలభై ఏళ్లలో వరి సేద్యానికి కావలసిన కాలువలు, గోదాములు, రోడ్లు, విత్తనాలు ఈ తలుపుల వేగంతో సమకూరలేదు.

ఇండొనీషియా వేరే దారి

చమురు దొరికితే సేద్యం చావవలసిందేనని ఎవరైనా అంటే, అదే కాలంలో ఇండొనీషియా చేసినది గుర్తు చేయవలసి ఉంటుంది. దానికీ 1973–74లో చమురు డబ్బు వచ్చింది. దాని జాతీయ చమురు సంస్థ పెర్టామినా 1975లో అప్పులు తీర్చలేక దివాలా అంచుకు వచ్చింది. అయినా ప్రభుత్వం సహజ వాయువుతో ఎరువుల ఫ్యాక్టరీలు పెట్టింది. వరికి ఎరువు చౌకగా ఇచ్చింది. కాలువలు, గ్రామీణ రోడ్లు, పాఠశాలలు కట్టింది. 1978 నవంబరులో చమురు ధర పడకముందే రూపియా విలువను డాలరుకు 415 నుండి 625కు తగ్గించింది. దానివల్ల రబ్బరు, కాఫీ పండించేవారికి గిట్టుబాటు నిలిచింది. ప్రపంచంలో అతి పెద్ద బియ్యం దిగుమతిదారు అయిన ఆ దేశం 1984లో స్వయంసమృద్ధి ప్రకటించింది. తర్వాత మళ్లీ దిగుమతులు చేసుకున్నా, చమురు దిగజారిన 1980లలో తిండికి తంటాలు పడలేదు. అక్కడ కూడా అవినీతి తక్కువేమీ కాదు. తేడా ఏమిటంటే, డబ్బు చేతిలో ఉన్నపుడే పొలం మీద పెట్టారు.

సిమెంటు గెలిచిన చోట బియ్యం గెలవలేదు

నైజీరియాలో ఒక్క రంగంలో ఈ విధానం నిజంగా ఫలించింది. విచిత్రమేమంటే అది సిమెంటే. 2002లో ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. దేశంలో ఫ్యాక్టరీ కడుతున్న వారికే సిమెంటు దిగుమతి లైసెన్సు ఇస్తామన్నది. దిగుమతి లాభం ఫ్యాక్టరీ పెట్టుబడిగా మారింది. ఈ అవకాశాన్ని అందరికన్నా ఎక్కువగా వినియోగించుకున్నది అలికో డాంగోటె. ఆయన వేరుశనగ వర్తకుడు అల్హాసన్ దంతాతాకు మునిమనుమడు. 1970ల చివర సిమెంటు, పంచదార, బియ్యం తెప్పించి అమ్మే వ్యాపారంతో ఆరంభించి ఒబజానాలో ఆఫ్రికాలోకెల్లా పెద్ద సిమెంటు ఫ్యాక్టరీ నిర్మించాడు. 1975లో సిమెంటు నౌకలతో రేవు కిక్కిరిసిన దేశం ఇప్పుడు పొరుగు దేశాలకు సిమెంటు పంపుతున్నది.

సిమెంటుకు కలిసివచ్చిన అంశాలు నాలుగు. సున్నపురాయి దేశంలోనే ఉన్నది. బరువు సరుకు కనుక దూరంనుండి తెస్తే రవాణా ఖర్చే మింగేస్తుంది. ఫ్యాక్టరీ తన కరెంటు తానే తయారు చేసుకోగలదు. దొంగతనంగా సరిహద్దు దాటించడం కష్టం. బియ్యం విషయంలో ఇవన్నీ తారుమారు. లక్షలాది చిన్న రైతులు కావాలి. ప్రతి మిల్లుకూ మంచి ధాన్యం, కరెంటు, రోడ్డు కావాలి. ఒక బస్తాను మోటారు సైకిలు మీద కూడా సరిహద్దు దాటించవచ్చు. అక్కడి వినియోగదారు రాళ్లు లేని పొడుగు గింజ ఉప్పుడు బియ్యానికి అలవాటుపడ్డాడు. స్థానిక మిల్లులు ఇటీవలి కాలంలో మెరుగైనా, కొరత తీర్చేంత సరుకు రావడంలేదు.

సిమెంటు విజయానికీ ఒక లోటు ఉన్నది. మూడు పెద్ద సంస్థలదే మార్కెట్టు కావడంతో ధర ఎక్కువన్న ఫిర్యాదు ఇళ్లు కట్టుకునే వారినుండి ఎప్పుడూ వినిపిస్తుంది. రక్షణలో పెరిగిన పరిశ్రమకు పోటీ ఎప్పుడు పెట్టాలన్న ప్రశ్నకు అబూజాలో ఇంకా సమాధానం దొరకలేదు.

డాలర్లు ఏమయ్యాయి

మంచి రోజులలో నిలవచేసుకోవాలని 2004లో మిగులు చమురు ఆదాయపు ఖాతా ఒకటి తెరిచారు. 2008 చివరినాటికి అందులో సుమారు 2,000 కోట్ల డాలర్లు చేరాయి. 2010 మధ్యకు 400 కోట్ల లోపునకు వచ్చాయి. రాష్ట్రాల గవర్నర్లు తమ వాటా అడగడం, ఖాతాకు గట్టి చట్టరక్షణ లేకపోవడం ఇందుకు కారణాలు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో చమురు పీపా 100 డాలర్లు దాటినపుడు కూడా నైజీరియాకు దక్కవలసినది దక్కలేదు. గొట్టాలనుండి దొంగతనాలవల్ల ఆ ఏడు సెప్టెంబరులో ఉత్పత్తి రోజుకు 10 లక్షల పీపాల దిగువకు పోయింది. ముడి చమురు అమ్మి శుద్ధిచేసిన పెట్రోలు కొనుక్కునే దేశం కనుక ధర పెరిగిన కొద్దీ పెట్రోలు సబ్సిడీ భారమూ పెరిగింది.

2023 మే నెలలో అధికారానికి వచ్చిన అధ్యక్షుడు టినుబూ పెట్రోలు సబ్సిడీ తీసివేశాడు. జూన్‌లో నైరాను మార్కెట్టుకు వదిలారు. అంతకు ముందు డాలరుకు సుమారు 460 ఉన్న అధికార రేటు 2024లో 1,500 దాటింది. ఆ ఏడు ద్రవ్యోల్బణం నూటికి 30 మించింది. సామాన్యుని వంటింట్లో పెద్ద కష్టమే వచ్చింది. ఎగుమతిదారు లెక్క వేరు. నువ్వులు, జీడి పిక్కలు, కోకో అమ్మేవారికి నైరాలలో వచ్చే మొత్తం ఎన్నో రెట్లు పెరిగింది. పశ్చిమాఫ్రికా పంట దెబ్బతినడంతో 2024లో కోకో టన్ను 10,000 డాలర్లు దాటి, ఆ తర్వాత వెనక్కు తగ్గింది. లెక్కీలో డాంగోటె నిర్మించిన రోజుకు 6 లక్షల 50 వేల పీపాల శుద్ధి కర్మాగారం 2024 జనవరిలో ఉత్పత్తి ప్రారంభించింది. పెట్రోలు దిగుమతికి పోయే డాలర్లు మిగిలితే నైరాకు కొంత ఊపిరి దొరుకుతుంది. అయినా ఎగుమతి ఆదాయంలో సగానికి పైగా ఇప్పటికీ ముడి చమురుదే. సేద్యం దేశ ఉత్పత్తిలో సుమారు నాలుగో వంతు ఉన్నా ఎగుమతిలో దాని వాటా స్వల్పమే. వేరుశనగ పండించడంలో చైనా, ఇండియాల తర్వాత నిలిచే ఆ దేశంలో పంట పుష్కలంగా ఉన్నది. అది దాదాపు అంతా ఇంట్లోనే ఖర్చవుతున్నది.

మన వర్తకులు గమనించవలసినవి

మొదటిది, కొటోనూకు బియ్యం పంపేవారు బెనిన్ వార్తలతో ఆగక నైరా రేటు, సరిహద్దు వార్తలు చూడాలి. నైరా పడితే మన బియ్యం అక్కడి బస్తాకు భారమవుతుంది. 2019లో సరిహద్దు మూసిన రోజున దారిలో ఉన్న సరుకు పరిస్థితి ఏమయి ఉంటుందో ఊహించుకోవచ్చు.

రెండవది, చెల్లింపు షరతులు. 1980లలో ప్రామిసరీ నోట్లు మిగిలిన వారి అనుభవం పాతదని కొట్టివేయడానికి లేదు. 2023 నాటికి నైజీరియా కేంద్ర బ్యాంకు తీర్చవలసిన మారకద్రవ్యం బకాయిలు సుమారు 700 కోట్ల డాలర్లు ఉన్నాయి. విమాన సంస్థల డబ్బు సైతం అక్కడ చిక్కుకుంది. సక్రమమైన బకాయిలన్నీ తీర్చామని బ్యాంకు 2024 మార్చిలో ప్రకటించగా, చెల్లవని తోసిపుచ్చిన మొత్తమూ పెద్దదే. మూడవ దేశపు మంచి బ్యాంకు హామీపడిన లెటర్ ఆఫ్ క్రెడిట్ లేకుండా గడువుపై సరుకు వదలడం సాహసమే.

మూడవది, మన వైపు తలుపులు కూడా తెరుచుకుని మూసుకునేవే. 2023 జులైలో మన ప్రభుత్వం తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించింది. ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై నూటికి 20 సుంకం వేసింది. 2024 శరదృతువులో వాటిని ఎత్తివేసింది. రెండు వైపుల తలుపులూ ఒకేసారి మూసుకునే రోజు కూడా రావచ్చునని లెక్కలోకి తీసుకోవడం వివేకం.

నాలుగవది జీడి పిక్కలు, నువ్వులు కొనేవారికి. నైరా పడినపుడు అక్కడి దళారీ తొందరపడి అమ్ముతాడు. డాలరు ధర మెత్తబడుతుంది. బేరానికి అదే అదను. అయితే కోకో విషయంలో 1980ల చివర జరిగినట్లు డాలర్ల కోసమే కొనే వారు రంగంలో ఉన్నపుడు నాణ్యత చూడకుండా ధర చూసి కొనడం మంచిది కాదు. తేమ, గింజ లెక్క, పప్పు దిగుబడి ఎక్కింపు రేవులోనే తనిఖీ చేయించుకోవాలి.

కానోలో వేరుశనగ బస్తాలు పేర్చిన మైదానాలు ఇప్పుడు ఖాళీగానో, దుకాణాలుగానో ఉన్నాయి. ఒక సరుకు మార్కెట్టు పోవడానికి పదేళ్లు పట్టింది. దానిని తిరిగి తెచ్చుకోవడానికి నలభై ఏళ్లు చాలలేదు. చమురు ధర ఎగిసిన ప్రతిసారీ అబూజా ఏం చేస్తుందో, పడినప్పుడు ఏం మూస్తుందో కనిపెట్టి ఉండడం పశ్చిమాఫ్రికాతో బేరం చేసే ప్రతి వర్తకునికీ అవసరం.